బొట్టుబిళ్ల కింద వెలిగిన లైటు

ఇందల్వాయి ఉమారాణి గ్యాస్ సిలిండర్ల బండి నడుపుతుంది. భర్త సురేందర్‌కు నడుము పట్టేశాక ఆ పాత పికప్ ఆమె చేతికొచ్చింది. నాలుగేళ్లుగా నిజామాబాద్‌లో లోడు ఎక్కించుకుని సిరికొండ దాకా ఊరూరా దించి వస్తోంది. అడవి దారిలో ఒక్కతే పోతుందని ఊళ్లో గొప్పగా చెప్పుకునేవారు.

ఆ సోమవారం బండి గుంతలో పడ్డప్పుడు, మీటరు పక్కన ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. కాసేపటికి ఆరింది. మర్నాడు మళ్లీ వెలిగింది. ఇంట్లో చెబితే సురేందర్ ఇక స్టీరింగు ముట్టనివ్వడని ఆమె భయం. నుదుటి బొట్టుబిళ్ల తీసి లైటు మీద అంటించింది. అయినా చూపు అక్కడికే పోయేది.

గురువారం ఇరవై ఎనిమిది సిలిండర్లతో సిరికొండ దారిలో ఎత్తు ఎక్కుతుంటే బండి ఉన్నట్టుండి బలం వదిలేసింది. ఎంత తొక్కినా లాగలేదు. అంతలో ఏదో కాలుతున్న వాసన. ముందూ వెనకా మనిషి అలికిడి లేదు. ఉమారాణి ఇంజన్ ఆపి, చక్రం కింద రాయి పెట్టి, దూరంగా టేకుచెట్ల దాకా పరిగెత్తింది. ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది అనుకుంటూ చాలాసేపు నిలబడింది. పొగ రాలేదు. అప్పటికిగాని మెకానిక్ ఆత్మారాంకు ఫోన్ చేయాలని తోచలేదు.

బోధన్ రోడ్డులో అతని షెడ్డు. బండిలో లోపం పట్టే స్కానర్ సంచిలో వేసుకుని మోటర్ సైకిల్ మీద వచ్చాడు. ముందు సిలిండర్లన్నీ ఇద్దరూ కలిసి దూరంగా దించారు. తర్వాత స్కానర్ తగిలిస్తే డీజిల్ ప్రెషర్ సెన్సర్‌లో లోపం ఉందని చూపించింది. లైటు వెలుగుతూ ఆరుతూ ఉందని చెప్పి, అది మారిస్తే సరిపోతుందా అని ఆమె ఆశగా అడిగింది.

“ఆగు చెల్లె. సెన్సరే ఖరాబైతే లైటు గిట్ల వచ్చుడు పోవుడు ఉండదు. వైర్లు సూద్దాం.”

ఆమెను ఇంజన్ స్టార్ట్ చేయమని, తాను కట్టెపుల్లతో ఒక్కో వైరూ కదిపాడు. ఒకచోట కదపగానే బొట్టుబిళ్ల కింద లైటు వెలిగింది, ఇంజన్ గుక్క తిప్పుకోలేకపోయింది. ఎలుక కొరికిన వైర్లు ఇనుముకు రాసుకుని నల్లగా మాడి ఉన్నాయి. వాటికి టేపు చుడుతూ, లోపల ఆ బొట్టుబిళ్ల ఏమిటని అడిగాడు. ఉమారాణి తలవంచుకుని చెప్పింది.

ఆత్మారాం ఎదురుగా ఉన్న సిలిండర్ల వైపు చూశాడు. “ఇంక రెండు దినాలైతే అంటుకునేది,” అన్నాడు మెల్లగా.

సాయంత్రం ఆమె సురేందర్‌కు ఏదీ దాచకుండా చెప్పింది. అతను తిట్టలేదు. తాళం అడిగి తీసుకున్నాడు. ఆమె ఇచ్చేసింది. రెండు రోజులు బండి కదల్లేదు.

మూడోనాడు పొద్దున అతను నడుముకు బెల్టు కట్టుకుని వచ్చి తాళం ఆమె చేతిలో పెట్టాడు. “నేను గూడ వస్త,” అన్నాడు.

పక్క సీట్లో తలుపు పిడిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఉమారాణి లైటు మీది బొట్టుబిళ్ల పీకేసి, బండిని సిరికొండ దారి పట్టించింది.