ముద్ర నిలవని ఉత్తరం

మా చిన్నప్పుడు... సోమవారం వస్తే మా అమ్మ బీడీల చాట ముట్టేది కాదు. పొద్దున్నే అర్జీ కాగితం కొంగున దోపుకొని, నన్ను వెంటేసుకొని బయల్దేరేది. దొరికిన ట్రాక్టరెక్కి రాయికల్, అక్కడ బస్సెక్కి జగిత్యాల. ఎమ్మెల్యే గారు ఊళ్ళో ఉంటే సోమవారాలు తన ఇంటి ముందు టెంటు కింద కూర్చొని జనం గోడు వినేవారు.

మా గోడు చిన్నదే... మా ఊరి బడి ఏడో తరగతితో సరి. ఎనిమిదికి రాయికల్ పోవాలంటే బస్సు లేదు. "బస్సు వడితే బడికి, లేకుంటే బీడీలకు" అని మా నాన్న తేల్చేశాడు. పక్కింటి రజిత వాళ్ళమ్మదీ అదే మాట. రజితా నేనూ ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళం. బడి తెరవడానికి ఇంకా వారమే ఉంది. నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు...

ఆ టెంటు కింద ఎన్ని బాధలో! ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని బీర్పూర్ రైతులు, పింఛను ఆగిందని మేడిపల్లి ముసలమ్మ, దుబాయిలో చనిపోయిన కొడుకు శవం కోసం వచ్చిన ఒక తండ్రి... ఆయన ఏడవడం కూడా మానేసి కూర్చున్నాడు. ఎమ్మెల్యే ఎవరినైనా మొదట అడిగేది "ఏ ఊరు?" అనే. కాగితం మోకాలి మీద పెట్టుకొని రాసేవారు. పక్కనే పీఏ ముద్ర పట్టుకొని నిలబడేవాడు.

మా వంతు రాగానే అమ్మ నన్ను ముందుకు నెట్టింది.

"సారూ, గీ పొల్లలు బడికి పోవాలె. మా ఊరికి ఒక్క బస్సు ఏపియ్యుండ్రి."

"ఎన్నో తరగతి బిడ్డా?" అని ఆయన నన్నే అడిగారు.

"ఎనిమిదికి పోవాలె సార్... నేను, రజిత."

డిపో మేనేజరుకు ఉత్తరం రాసి, సంతకం చేసి, అమ్మ చేతిలో పెట్టారు. అమ్మ దాన్ని రెండు చేతులతో కళ్ళకద్దుకుంది. అప్పటికే డిపో ఆఫీసు మూసే వేళయింది. మర్నాడు ఇద్దామనుకున్నాం.

ఇదిగో, ఇక్కడే నా తెలివి పనిచేసింది... బస్టాండు పక్క జిరాక్స్ షాపు ముందు ఆగాను. వాన మబ్బు పట్టింది. అమ్మ కొంగు చెమటకు తడిసింది. మా సార్ల సర్టిఫికెట్లు లామినేషన్ చేసి బీరువాలో పెట్టడం నేను చూశాను. విలువైన కాగితాన్ని అలాగే దాచాలని నా లెక్క.

"అమ్మా, దీనికి లామినేషన్ చేపిద్దాం. ఎప్పటికీ కరాబు గాదు" అన్నాను. అమ్మ మురిసిపోయి సరేనంది. ఉత్తరం గట్టిగా, నిగనిగలాడుతూ బయటికొచ్చింది. దారంతా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.

మర్నాడు డిపోలో గుమాస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ముద్ర కొట్టాడు. వేలితో రుద్దితే సిరా మొత్తం తుడుచుకుపోయింది.

"ఏందమ్మా ఇది? దీని మీద నంబరెట్ల రాయాలె, ముద్రెట్ల ఆగుతది? మళ్ల రాయించుకొని రా పో."

అమ్మ ఒక్క మాట కూడా నన్ను అనలేదు. అని ఉంటే బాగుండేది...

తర్వాతి సోమవారం వెళితే అసెంబ్లీ ఉందని ఎమ్మెల్యే హైదరాబాద్‌లో ఉన్నారు. ఆ పై సోమవారమూ అంతే. టెంటు లేదు, కుర్చీలు లేవు. బడి మాత్రం తెరిచేశారు. నేను ఇంటికీ రోడ్డుకూ తిరుగుతూనే ఉన్నాను. ఈలోగా రజిత ఒళ్ళోకి బీడీల చాట వచ్చింది. తునికాకు కత్తిరించడం వారంలోనే నేర్చేసుకుంది.

నాలుగో సోమవారం ఎమ్మెల్యే దొరికారు. ఉత్తరం చూసి, "ఇదేందమ్మా, పటం కట్టించినట్టు కట్టించినవ్?" అన్నారు.

"కరాబైతదని సారూ..." అంది అమ్మ. ఆయన నవ్వలేదు. ఇంకోటి రాసిచ్చి, అక్కడే డిపోకు ఫోన్ కూడా చేశారు. వారానికల్లా మా ఊరికి బస్సు వచ్చింది. బస్సుకు కొబ్బరికాయ కొట్టింది రజిత వాళ్ళమ్మే.

"ఇగ దాని చెయ్యి తిరిగింది. మళ్ల బడికేం పోతది తియ్యి" అంది ఆమే, ఆ రోజే. అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. బస్సు వాళ్ళ ఇంటి ముందు నుంచే పోయేది. రజిత అరుగు మీద నుంచి కత్తెర చేత్తోనే చెయ్యి ఊపేది. నేను కిటికీ పక్క సీటులో కూర్చోవడం మానేశాను.

ఇప్పుడు నేను సిరిసిల్లలో ఒక ఆఫీసులో, వచ్చిన కాగితాలకు నంబర్లు వేసే సీట్లో ఉన్నాను. మొన్న సోమవారం ఒకామె బిడ్డను వెంటబెట్టుకొని వచ్చింది. హాస్టల్ సీటు కోసం ఎమ్మెల్యే ఉత్తరం... లామినేషన్ చేయించి!

ఏం చేశానో తెలుసా? వెనక మిషన్ మీద దానికి ఒక జిరాక్స్ తీశాను. జిరాక్స్ మీద ముద్ర కొట్టి నంబరు వేశాను. అంతే... రెండు నిమిషాల పని. ఆ రోజు డిపోలో ఎవరికీ తోచని పని. మాకు అడగడం తెలియని పని. ఆ తల్లీబిడ్డలు పోయాక ఆ పూటంతా ఏ కాగితం మీదా నా చూపు నిలవలేదు.

ఇప్పుడు అర్జీలు వాట్సాప్‌లో పోతున్నాయి. తడిసేది లేదు, చిరిగేది లేదు. చెమట కొంగున కాగితం దాచుకునే అమ్మలు తగ్గిపోయారు... మీ ఇళ్ళలో అలా భద్రంగా దాచి చెడగొట్టుకున్న కాగితం ఏదైనా ఉంటే కింద రాయండి. నాకు కాస్త తోడు దొరుకుతుంది.

మాది ఇంకా నా పెట్టెలోనే ఉంది. సంతకం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు.

రజిత ఇప్పటికీ బీడీలే చేస్తోంది. ఫోన్ కొనుక్కుంది, నా ప్రతి పోస్టుకూ అందరికంటే ముందు లైక్ కొడుతుంది. ఆ షాపు దగ్గర లామినేషన్ మాట ఎత్తింది నేనేనని మాత్రం ఇన్నేళ్ళలో తనకు చెప్పలేదు.

రజితా... చదివినవా?