నైరుతి మూల బీరువా

సిరిసిల్లలో దశరథం గొంతు తెలియని వాళ్లు లేరు. పక్కన నిలబడ్డ మనిషితో కూడా వీధి చివర ఉన్నవాడిని పిలిచినట్టే మాట్లాడతాడు. అందులో అతని తప్పేమీ లేదు, చిన్నప్పటి నుంచి సాంచాల మధ్య పెరిగాడు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. అవి నడవడం మొదలుపెడితే షెడ్డులో పిడుగు పడినా తెలియదు. అందులో పనిచేసేవాళ్లు నోటిని పక్కన పెట్టి చేతులతో, కళ్లతో, కనుబొమలతో కానిచ్చేస్తారు. ఆ విద్యలో తనను మించినవాడు లేడని దశరథానికి గర్వం.

అందుకే భార్య జమునకు పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయి, మాట కూడా పోయినప్పుడు, పలకరించడానికి వచ్చిన వాళ్లకు అతనే ధైర్యం చెప్పాడు.

"మాట లేకుంటె ఏమాయె? సైగ జేస్తె సాలు, నాకు సమజైతది. నా పెండ్లాం మనసుల ఏమున్నదో నాకు తెల్వదా?" అన్నాడు. పాపం, నమ్మే అన్నాడు.

చిక్కు ఒక్కటే. ఆమె పడుకునే గదికి, షెడ్డుకు మధ్య ఉన్నది ఒకే గోడ. ఇటు మంచం, అటు సాంచాలు. ఆమె ఎంత మూలిగినా అటు వినపడదు. పెద్దపల్లిలో కాపురముంటున్న కూతురు అలేఖ్య దానికొక ఉపాయం చేసింది. వైరు లేని బెల్లు కొని తెచ్చింది. గుప్పిట్లో ఇమిడే మీట తల్లి ఎడమ చేతిలో పెట్టి, బెల్లును షెడ్డు గోడకున్న ప్లగ్గులో బిగించింది. నొక్కితే మీట మీద చిన్న నీలం లైటు వెలుగుతుంది, అవతల బెల్లు మోగి ఎర్ర లైటు మిణుకుతుంది. మోతలో బెల్లు వినపడకపోయినా లైటు కనపడుతుంది కదా.

"ఎర్ర లైటు రాంగనే ఉరుకాలె బాపూ" అని చెప్పి వెళ్లింది.

ఉరికేవాడు. ఆ సంగతి చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టే. చేతిలో ఉన్న నూలు కండె అక్కడే పడేసి వచ్చేవాడు. నీళ్లు తాగించడం, పక్కకు తిప్పడం, కింద శుభ్రం చేయడం, అన్నీ మొహం చిట్లించకుండా చేసేవాడు. ఆమె కళ్లతోనే నవ్వేది. ఆ నవ్వు చూసుకుని మళ్లీ సాంచాల దగ్గరికి పోయేవాడు.

ఆ ఇంటికి కీడు మంచి మాట రూపంలో వచ్చింది. వాస్తు చెప్పే అంతయ్య ఒకరోజు పలకరింపుకు వచ్చి, గుమ్మంలోనే ఆగి, లోపలికి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈశాన్యంల గింత పెద్ద బీరువానా దశరథం? గందుకే ఇంటి ఆడమనిషి మంచం వట్టింది. దాన్ని నైరుతి మూలకు వెట్టు. ఆడ ఎంత బరువుంటె అంత మంచిది."

ఇంకేం కావాలి! దశరథం పక్క షెడ్డు వాళ్లను పిలుచుకొచ్చి ఇనుప బీరువాను నైరుతి మూలకు లాగించాడు. సరిగ్గా జమున తలాపున, ఆమెకూ షెడ్డు గోడకూ మధ్య నిలబెట్టాడు. బరువుండాలన్నాడు కదా అని, తుప్పు పట్టి మూలన పడివున్న పాత సాంచా సామానంతా ఏరి, పళ్ల చక్రాలు, పట్టీలు, విరిగిన కడ్డీలు గోనెసంచుల్లో నింపి, ఆమె పెళ్లి చీరల కింది అరల్లో పేర్చాడు. పెళ్లాం లేచి తిరగాలని ఒక మనిషి అంత ఇనుము మోస్తే ఎవరు మాత్రం ఏమంటారు? మీట నుంచి బెల్లుకు పోవలసిన సిగ్నలు ఆ ఇనుమును దాటలేదని అతనికి చెప్పేవాళ్లు లేరు.

ఆ రోజు నుంచి ఎర్ర లైటు రాలేదు.

అతను భయపడలేదు, సంతోషపడ్డాడు. "నీ నోట్లె చక్కెర వొయ్య అంతయ్యా! ఇదివరకు గడెగడెకు పిలిచేది, ఇప్పుడు పిలుస్తనే లేదు. నెమ్మదైతున్నది" అని ఎదురెళ్లి చెప్పాడు. ఫోనులో అలేఖ్యకూ అదే చెప్పాడు.

తిండి వేళకు గదిలోకి వస్తే పక్కబట్టలు తడిసి ఉండేవి. పెదాలు ఎండి ఉండేవి.

"జర నొక్కరాదె జమునా? నొక్కితె రానా?" అనేవాడు.

ఆమె అతని కళ్లలోకి చూస్తూ బొటనవేలితో నొక్కేది. నీలం లైటు వెలిగేది.

"ఆఁ, గట్ల నొక్కాలె. మంచిగనే పనిజేస్తున్నది" అని మెచ్చుకునేవాడు. ఆమె మళ్లీ నొక్కేది, మళ్లీ నొక్కేది. అతను ఆ వేలిని నిమిరి షెడ్డుకు వెళ్లిపోయేవాడు. కరెంటు పోతే సాంచాలు ఆగి ఇల్లంతా నిశ్శబ్దమయ్యేది కానీ, అదే కరెంటు మీద బతికే బెల్లు కూడా అప్పుడు చచ్చిపడి ఉండేది. కాబట్టి నిజం తెలిసే దారే లేకపోయింది.

కొన్నాళ్లకు ఆమె కళ్లలో నవ్వు పోయింది. జావ చెంచా నోటి దగ్గరికి తెస్తే మొహం తిప్పేసుకునేది. 'బలం వస్తున్నట్టుంది, అందుకే కోపం కూడా వస్తోంది' అనుకున్నాడు. చేతి సైగలన్నీ చదవగలిగిన మనిషి ఆ ఒక్క మొహాన్ని చదవలేకపోయాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి జమున నేల మీద బోర్లా పడి ఉంది. స్టూలు మీది నీళ్ల గ్లాసు దొర్లి దూరంగా పోయింది. పెదాల మూలన చీమలు పట్టాయి. ఎడమ గుప్పిట బిగిసి ఉంది. వేళ్లు ఒక్కొక్కటే విప్పితే లోపల మీట, దాని అచ్చు అరచేతిలో ఎర్రగా దిగబడి ఉంది. దశరథం ఆమెను ఎత్తి మంచం మీద పడుకోబెట్టి చీమలు దులిపాడు. నొక్కిందా? నొక్కితే లైటు రావాలి కదా? నిద్రలో దొర్లిందేమో అని తనకు తనే సర్దిచెప్పుకుని అంతయ్య దగ్గరికి పరుగెత్తాడు.

"పొయ్యే పీడ ఒక దెబ్బ గొట్టే పోతది. ఫికర్ జెయ్యకు, ఇంకింత బరువు వెట్టు" అన్నాడు అంతయ్య. దశరథం ఇంకో సంచి ఇనుము మోసుకొచ్చి బీరువాలో పెట్టాడు.

తల్లి పడిందని తెలిసి అలేఖ్య వచ్చింది. అన్నం వడ్డించి, తండ్రిని పిలవడానికి తల్లి చేతిలోని మీట తీసుకుని నొక్కింది. రాలేదు. మళ్లీ నొక్కినా అతను రాలేదు. జమున కూతురినే చూస్తోంది. ఆమె కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి.

అలేఖ్య షెడ్డులోకి వెళ్లింది. తండ్రి బెల్లుకు ఎదురుగానే నిలబడి తెగిన పోగు అతుకుతున్నాడు.

"బెల్లు గొడ్తె రావేంది బాపూ?" అని చెవి దగ్గర అరిచింది.

లైటు రాలేదని చేతితో చూపించాడు. అలేఖ్య గది గుమ్మంలో నిలబడి నొక్కింది. ఎర్ర లైటు వచ్చిందని తండ్రి చెయ్యెత్తి చూపించాడు. మంచం దగ్గరికి పోయి నొక్కింది. రాలేదు. ఆ మాట చెప్పడానికి తండ్రి లోపలికి వచ్చేసరికి, తలెత్తి బీరువానే చూస్తోంది.

"నా ఫోను ఒకసారి బీరువల మర్సిపోతె ఎవ్వలకు కలువలే బాపూ. నువ్వు గింత ఇనుము అడ్డం వెడ్తె బెల్లెట్ల మోగుతది?"

ఇద్దరూ సంచులు దించి, బీరువాను అవతలికి లాగారు. మంచం దగ్గర నొక్కితే బెల్లు మోగింది.

ఎండిన పెదాలు, తడిసిన బట్టలు, ఆ గుప్పిట, అన్నీ ఒక్కసారిగా దశరథం ముందు నిలబడ్డాయి. ఆమె పిలుస్తూనే ఉంది. ఎర్ర లైటు చూసి కూడా మొగుడు రావడం లేదని ఆమె అనుకుంది. మంచం పక్కన కూలబడ్డాడు.

"నాకు రాలే జమునా. లైటు రాలే. వస్తె ఉరుకనా?"

వీధంతా వినపడే ఆ గొంతును పక్కన పెట్టేశాడు. బెల్లు, గోడ, ఇనుము, అన్నీ చేతులతో చెప్పాడు. తనకు వచ్చిన సైగలన్నీ చేశాడు. ఆమె చూసింది. చూసి, కళ్లు మూసుకుంది.

అలేఖ్య పెద్దపల్లికి వెళ్లిపోయింది. దశరథం ఇప్పుడు పోగుల వైపు చూడడం లేదు, బెల్లునే చూస్తున్నాడు. గుడ్డ ఖరాబైపోతోంది. ఎర్ర లైటు రాదు. ఉండబట్టలేక సాంచాలు ఆపి గదిలోకి ఉరుకుతాడు. మీట మంచం కింద పడి ఉంటుంది. తీసి, దుమ్ము తుడిచి, ఆమె అరచేతిలో పెడతాడు. ఆ వేళ్లు ముడుచుకోవు.