వరదబాట వీడ్కోలు భోజనం

తుల్సీరాం దమ్మపేట కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాడినైపోతానని దాన్ని చొక్కా జేబులోనే మోస్తూ తిరుగుతాడు. గోదావరి పొంగినప్పుడు ఏ దారి తెగిందో, ఏ బస్సు ఎక్కడిదాకా పోతుందో ఫోన్లో చూపించే ‘వరదబాట’ ఆయన మొదలుపెట్టిందే. తెగిన దారి ఎరుపు, పోయే దారి ఆకుపచ్చ. దానికి యజమాని అంటూ లేడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపలి ప్రోగ్రాం తెరిచి చూడవచ్చు, బాగుచేయవచ్చు.

మొదట్లో పదకొండు మందిమి. నేను భద్రాచలం బస్టాండులో కంట్రోలర్‌ని. ప్రోగ్రాం రాయడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. ఏ బస్సు వెనక్కి వచ్చిందో చెప్పేవాణ్ణి, ఆదివారం సమావేశాలకు మిర్చిబజ్జీలు తెచ్చేవాణ్ణి. రెండో పనికే నాకు పేరెక్కువ వచ్చింది.

ఎంత సందడిగా ఉండేవి ఆ ఆదివారాలు! ఆకుపచ్చ ముదురుగా ఉండాలా లేతగా ఉండాలా అని అనిల్‌కుమార్ పూటంతా కొట్లాడేవాడు. కరెంటు పోతే అందరం వరండాలోకి వచ్చి, కొట్లాటను అక్కడ సాగించేవాళ్ళం. నియమాలు కూడా అక్కడే పుట్టాయి. పెద్ద నిర్ణయం దేనికైనా సగం మందికి పైగా ఎదురెదురుగా కూర్చొని ఒప్పుకోవాలన్నది ఒకటి. రెండోది తుల్సీరాం సొంతం. వాళ్ళ తండాలో అన్నం పెట్టకుండా ఎవరినీ సాగనంపరట. అందుకని, వరదబాట వదిలి వెళ్ళేవాళ్ళకు మిగతావాళ్ళు భోజనం పెట్టాలి, వాళ్ళు తింటేనే వెళ్ళినట్టు. చప్పట్లు కొట్టి ఒప్పుకున్నాం.

తర్వాత బదిలీలు, పెళ్ళిళ్ళు, పట్నం కొలువులు. పోతున్నామని ఎవరూ చెప్పలేదు, ఎవరికీ భోజనం పెట్టలేదు. దాంతో పేరుకు పదకొండు మందీ అలాగే ఉన్నారు. పలికేది మాత్రం తుల్సీరాం, నేను, కళ్యాణి. కళ్యాణి ఆయన శిష్యురాలే, మాలో అందరికంటే చిన్నది. ఇప్పుడు అడవి పక్క ఊళ్ళో పంచాయతీ కార్యదర్శి. వరదబాట కూడా వానాకాలంలో నాలుగు వారాలు మేలుకొని, మిగతా ఏడాదంతా నిద్రపోయేది.

పోయిన వానల్లో తుల్సీరాం కళ్ళజోడు లేకుండానే, తెగిన వాగు దారికి ఆకుపచ్చ వేశాడు. దాన్ని నమ్మి నేను బస్సు పంపాను. డ్రైవర్ రామన్న వాగు ఒడ్డున నిలబడి ఫోన్ చేశాడు. “సారూ, ఇక్కడ దారి లేదు, చేపలు పట్టేటోళ్ళున్నరు. టికెట్ కొట్టమంటవా?”

బస్టాండంతా నవ్వింది. తుల్సీరాం నవ్వలేదు. బస్సు వాగులో దిగి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఆయనను వదల్లేదు. ఈసారి వానలు పడేలోపు నాయకత్వం కళ్యాణికి అప్పగించాల్సిందే అన్నాడు. సమావేశానికి రమ్మని అందరికీ మెసేజీలు పెట్టాడు. అనిల్‌కుమార్ బొటనవేలు బొమ్మ పంపి ఊరుకున్నాడు. మిగతావాళ్ళు అదీ పంపలేదు.

“పాస్‌వర్డుల తాళాలు మీ దగ్గరనే ఉన్నయ్ గద సార్, ఇచ్చెయ్యరాదూ,” అంది కళ్యాణి.

“తాళం నా దగ్గరుంటే ఇల్లు నాదైతదా బిడ్డా? అందరూ కూసోని అనాలె.”

మే నెల కూడా అయిపోవచ్చింది. చివరికి ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. “నారాయణన్నా, అందరిని వీడ్కోలు భోజనానికి పిలుస్త. పనికైతే రారు గని, పోనీకె వస్తరేమో.”

“భోజనమంటే రారు. మటనని రాయి,” అన్నాను.

మటన్ పని చేసింది. జూన్ మొదటి ఆదివారం తుల్సీరాం ఇంటికి వచ్చినవాళ్ళు సగం మందిని దాటారు. అనిల్‌కుమార్ పొట్టతో సహా హైదరాబాద్ నుంచి దిగాడు. దిగీదిగగానే, “గీ ఆకుపచ్చ ఇంకా మార్చలేదా?” అన్నాడు. నేను తెచ్చిన బజ్జీల పొట్లం చూసి అందరూ ఒకేసారి అరిచారు. తుల్సీరాం భార్య పూలి జొన్నరొట్టెలు కాలుస్తుంటే, తుల్సీరాం కొసరి కొసరి వడ్డించాడు. కళ్యాణి పేరు చెప్పగానే మసాలా అంటిన చేతులన్నీ పైకి లేచాయి. వెళ్ళాల్సినవాళ్ళు కడుపునిండా తిని, నిజంగానే వెళ్ళినవాళ్ళయ్యారు. అనిల్‌కుమార్ చెయ్యి కడుక్కోవడానికి చాలాసేపు తటపటాయించాడు.

అందరి తర్వాత కళ్యాణి ఒక కంచం పెట్టి, “సార్, ఇగ మీరు,” అంది.

తుల్సీరాం కంచం వైపు చూశాడు. “కడుపు బాగలేదు బిడ్డా.”

“పొద్దుగాల నాలుగు రొట్టెలు తిన్న కడుపేనా?” అంది పూలి పొయ్యి దగ్గర నుంచే.

అందరూ గొల్లుమన్నారు. ఆయన తలవంచుకొని, లేని మెతుకులు చాప మీద నుంచి ఏరుతున్నాడు. కళ్యాణి ఒక్క క్షణం ఆయన్నే చూసి, ఆ కంచం మీద మరో కంచం బోర్లించింది.

“తినలేదంటే సార్ ఇంకా పోనట్టే. గిది నా మొదటి నిర్ణయం. ఆకుపచ్చ మాత్రం ముట్టొద్దు సార్.”

తుల్సీరాం జేబులోంచి కళ్ళజోడు తీసి, మా అందరి ముందే పెట్టుకున్నాడు.

“ఎరుపన్నా ముట్టొచ్చా బిడ్డా?”