మద్దిలేటన్న మంచు మైదానం

మా మద్దిలేటన్న అరవై మూడేళ్ళ జీవితంలో మంచుగడ్డను చూసింది ఒక్కచోటే. సోడా అంగడి ముందు, రంపపు పొట్టులో, గోనెసంచి కప్పుకుని అది పడుకున్నప్పుడు. అలాంటి మనిషి నిరుడు ఎండాకాలం మంచుమీద ఆడపిల్లకు నాట్యం నేర్పే ఉద్యోగంలో చేరాడు. జీతం లేదు, సెలవు లేదు. చేర్పించిన పాపం నాదే కాబట్టి ఈ కథ చెప్పుకునే శిక్ష కూడా నాకే పడింది.

నా పేరు షఫీవుల్లా. గార్లదిన్నెలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి నాది. పుట్టపర్తి లాడ్జీల్లో దిగిన విదేశీయులు మోక్షం దొరికిన సంబరంలో చార్జర్లు, గడియారాలు మరిచిపోయి వెళ్తుంటారు. అవన్నీ పాత సామాన్లవాళ్ళ చేతులు మారి నా దగ్గరికి చేరతాయి. ఒకసారి ఆ మూటలో అరచేతిలో పట్టే ఆటపెట్టె వచ్చింది. పాతికేళ్ళ నాటిది. అగ్గిపెట్టెంత తెర, నాలుగు గుండీలు, లోపల ఒకే ఒక ఆట. బ్యాటరీలు వేయగానే టుయ్ టుయ్‌మని పాట ఎత్తుకుంది. ఫోను బాగుచేయించుకోడానికి వచ్చి కూర్చున్న మద్దిలేటన్న మెడ చాచాడు.

"ఏమప్పా షఫీ, ఏందది కూతలు పెడతాండాది?"

"ఆటన్నా. ఒక పిల్లను సాకల్ల. అన్నం పెట్టల్ల, బడికి పంపల్ల, నిద్ర పుచ్చల్ల. కాళ్ళకు కత్తుల బూట్లు తొడిగి మంచుమింద ఆడించల్ల. ఏడాదికొక పోటీ. నాలుగో ఏడు కడా పోటీలో మెడలో పతకం పడితే గెల్చినట్లు."

"నీళ్ళను గడ్డ కట్టిచ్చి దాని మింద కత్తులేసుకోని తిరిగేదేందప్పా? తాగే నీళ్ళు కదా అవి!"

ఆ మాట వేరే ఎవరన్నా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. మద్దిలేటన్న ముప్పై ఏళ్ళు మా పంచాయతీలో నీళ్ళు వదిలే పని చేశాడు. భుజాన వాల్వు తిప్పే ఇనుపకడ్డీ, చేతికి గడియారం. వీధికి అర్ధగంట. పెళ్ళి ఇంటివాళ్ళు కాళ్ళావేళ్ళా పడినా అర్ధగంటే. శవం లేచిన ఇంటికి ఒకసారి పది నిమిషాలు ఎక్కువిచ్చాడని ఊళ్ళో ఒక పుకారుంది. అది అబద్ధమని ఆయనే ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడు. ఇంత ధర్మాత్ముడు సొంత వీధికి మాత్రం అందరికన్నా చివర వదిలేవాడు, పక్షపాతం అంటారేమోనని. అప్పటికి ట్యాంకులో మిగిలేది అడుగు బురద. ఆ న్యాయం ఫలమంతా ఆయన భార్య నల్లమ్మ వదినే అనుభవించింది, ఊరవతల బావి నుంచి నడుమున కడవలు మోసి.

మర్నాటి నుంచి పొద్దున పది కొట్టేసరికి మద్దిలేటన్న నా అంగడి బల్లమీద ప్రత్యక్షం. పిల్లకు రేఖ అని పేరు పెట్టాడు. తెరమీద ఇంగ్లీషు అక్షరాలు నేను చదివి చెప్పాలి, గుండీలు ఆయన నొక్కాలి. వేళకు తిండి, వేళకు నిద్ర. బళ్ళో లెక్కలు తప్పితే ఒక్క మాట అనేవాడు కాదు. ఊరినుంచి రేఖకు వాళ్ళమ్మ ఉత్తరం రాస్తే, నేను చదువుతుంటే, తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఈ లోపల నా అంగడికి వచ్చినవాళ్ళ ఫోన్లు ఎవరు చూడాలో ఆ దేవుడికే తెలియాలి.

అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ బూట్ల కత్తులకు మంచు గీతలు పడుతుంది. పొద్దున్నే దానిమీద నీళ్ళు పోస్తే గడ్డకట్టి మళ్ళీ నున్నగా అవుతుంది. అందుకని రోజూ ఆట అడుగుతుంది, నీళ్ళు వదలాలా, వద్దా అని. తెర మూలన చిన్న ట్యాంకు బొమ్మ. వదిలితే అందులో మట్టం దిగుతుంది. మద్దిలేటన్న రోజూ వద్దు అనే నొక్కాడు.

"అన్నా, ఎంత ఇడిసినా తెల్లారేతలికి ఆ ట్యాంకు దానంతకదే నిండుతాది."

"ఎవురు నింపుతారు?"

"ఎవురూ నింపరు. అదే నిండుతాది."

ఓట్లకు వచ్చినవాణ్ణి చూసినట్టు చూశాడు నన్ను. "దానంతకదే నిండే ట్యాంకు నేను ముప్పై ఏండ్లల్లో చూడల్య. మోటరు కాలితే? పోటీ దినం చుక్క ల్యాకుంటే నువ్వు తెస్తావా కడవతో?"

మంచు కాస్తా గొర్రు తోలిన చేనయింది. రేఖ ఎగరడం, పడటం. ఆటలో మూడేళ్ళు గడిచాయి. మూడు పోటీల్లోనూ ఎనిమిది మందిలో ఎనిమిదోది. పడ్డప్పుడల్లా ఈయన వేడివేడి సూపు తాగించి ఓదార్చేవాడు. పడేసేదీ ఈయనే, ఓదార్చేదీ ఈయనే.

చివరి పోటీ రోజు వచ్చింది. ఇక్కడ పతకం రాకపోతే రేఖ బూట్లు విప్పేసి అదే మైదానం గేటు దగ్గర టిక్కెట్లు చింపుకుంటుంది, ఆట అయిపోతుంది. ఆ రోజు ఆయన ఉతికిన పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని, ఏమీ తినకుండా వచ్చాడు. ముఖం చూసి నాకే జాలేసింది.

"పోనీలే అన్నా, ఓడిపోతే మళ్ళా మొదట్నుంచి ఆడుకుందువు."

"ఇంగొక పిల్ల వస్తాది షఫీ. రేఖ వస్తాదా?"

అన్నిరోజులూ ఆయన వెనక నవ్వినందుకు సిగ్గేసింది.

తెర అడిగింది, నీళ్ళు వదలాలా, వద్దా. ట్యాంకు అంచుదాకా నిండి ఉంది. ఆయన బొటనవేలు మళ్ళీ వద్దు మీదికే పోయింది.

"ఇడువన్నా! రేపింక ఆటే లేదు, ఎవురికి దాస్తాండావు?"

"అయిపోతాది షఫీ."

"అయిపోనీ!"

"అట్లంటే ఎట్లప్పా, అయిపోతాది కదా."

తినకుండా వచ్చిన మొగుణ్ణి వెతుక్కుంటూ అప్పుడే నల్లమ్మ వదిన అంగడి మెట్లెక్కింది. ఏం జరుగుతోందని నన్నడిగింది. చెప్పాను. కాసేపు ఆ ట్యాంకు బొమ్మనే చూసింది.

"నిండు ట్యాంకు పెట్టుకోని పిల్లను పడేస్తాండావా?" అంది. "ముప్పై ఏండ్లు మన వీధికి కడాన ఇడిస్తివి. బురదనీళ్ళు గుడ్డలో వడగట్టి తాగితిమి. ఊరోళ్ళు నిన్ను మంచోడనల్లని కదా? అన్నారా ఎవురన్నా?"

వదిన ఆయన చేతిలోంచి పెట్టె లాక్కుంది.

"యాడ నొక్కల్ల షఫీ?"

చూపించాను. నొక్కింది. మళ్ళీ నొక్కింది. ట్యాంకు అడుగు కనిపించేదాకా నొక్కుతూనే ఉంది. మంచు తెల్లగా, నున్నగా అయింది. పాట మొదలైంది. రేఖ జారింది, ఎగిరింది, గాల్లో మూడు చుట్లు తిరిగి దిగింది. పడలేదు. మళ్ళీ ఎగిరింది. పడలేదు. మేం ముగ్గురం ఆ అగ్గిపెట్టెంత తెరమీదికి వంగిపోయాం.

సాధన రోజుల్లో పడ్డవన్నీ గుర్తుపెట్టుకుని మార్కులు కోసేశారు ఆ ఆటలో పెద్దమనుషులు. అయినా మూడో స్థానం వచ్చింది. రేఖ మెడలో పతకం పడింది.

"మూడోది నల్లమ్మా! పతకమొచ్చింది చూడు, పతకం!" మద్దిలేటన్న నిజంగానే ఏడ్చాడు.

"మొదట్నుంచి ఇడిసింటే ఒకటోదే వచ్చుండేది," అంది వదిన.

ఆయన చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత ఆమె ముఖం చూడకుండా అడిగాడు. "మన వీధికి ముందుగాల ఇడిసింటే ఏమయ్యుండేది?"

"ఏమయ్యుండేది? నా నడుము నిలబడుండేది," అంది, కోపమేమీ లేకుండా. "లెయ్, సంగటి సల్లారిపోతాండాది."