అక్క తెలుగు నోట్‌బుక్

నిన్న పొద్దున ఐదున్నరకి మా గేటు దగ్గర నిలబడి అక్కని తిట్టుకుంటున్నాను. వాకింగ్‌కి ఒక్కరోజు కూడా లేట్ చేయని మనిషి, ఫోన్ కూడా తీయదేంటని.

పావుగంటకి బావ ఫోన్ చేశాడు. "మీ అక్క లేవలేదమ్మా" అన్నాడు.

నిద్ర లేవలేదనుకున్నాను. "లేపండి బావా, టైమైంది" అన్నాను.

ఆ మాట ఇంకా నా చెవుల్లోనే తిరుగుతోంది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మా వసంతక్క లేదు.

మా అమ్మ చివరి ఆరేళ్లు మమ్మల్ని గుర్తుపట్టలేదు. అల్జీమర్స్. ఆ భయంతోనే మూడేళ్ల కిందట అక్క చెన్నై వెళ్లి జీన్ టెస్ట్ చేయించుకుంది. రిజల్ట్ వచ్చిన రోజు మా ఇంటికొచ్చి, మెట్ల మీద చెప్పులు విప్పుతూనే, "నాకేం లేదంట పాపా. నీకూ ఉండదు, పో" అంది.

నమ్మాను. సంతోషంతో కేసరి కూడా చేశాను. తను తినలేదు.

మర్నాటి నుంచి మొదలైంది. ఒక్కదానికి తోచదు, తోడు రా అంటూ రోజూ బీచ్ రోడ్డు చివరిదాకా నడిపించేది. బీపీ, షుగర్ చెకప్‌కి తనతోపాటు నన్నూ లాక్కెళ్లేది. ముత్తియాల్‌పేటలో ఒక పెళ్లిలో అందరి ముందూ నా ఆకులో జాంగ్రీ తీసేసి తన ఆకులో పెట్టుకుంది. మూడు రోజులు నేను మాట్లాడలేదు.

తర్వాత తెలుగు పిచ్చి.

ఈ తమిళ ఊళ్లో పుట్టి పెరిగిన మాకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పెళ్లయ్యాక నెల్లూరులో పదేళ్లు ఉండబట్టి నాకు అక్షరాలొచ్చాయి. అరవై దగ్గరపడుతుండగా అక్క నోట్‌బుక్ పట్టుకొచ్చి "నాకు నేర్పియ్యవే" అని కూర్చుంది. భాష మీద ప్రేమ అని ఎంత మురిసిపోయానో! మా పేట ఉప్పళంలో కనిపించిన అందరికీ చెప్పుకున్నాను. గ, క రెండూ ఒకటే ఆమెకి. వత్తుల సంగతి అడగొద్దు.

నిన్న సాయంత్రం అంతా అయ్యాక బావ ఆ నోట్‌బుక్ నా చేతికిచ్చాడు.

"ఏందో తెలుగులో రాసిపెట్టింది. మాకెవురికీ చదివేదానికి రాదు గదా. నువ్వు సూడమ్మా."

మొదటి పేజీలో ఇలా ఉంది. "నాకు ఉంది. చెల్లికీ ఉండొచ్చు అన్నారు. చెల్లికి చెప్పను. బయపడుతుంది."

కింద డాక్టర్ మాటలు. జీన్ ఉంటే జబ్బు వచ్చి తీరుతుందని కాదు, రిస్క్ ఎక్కువ. నడక, బీపీ, షుగర్ అదుపు, మంచి నిద్ర, నలుగురితో మాటలు, కొత్తగా ఏదైనా నేర్చుకోవడం కొంత సాయపడొచ్చు. గ్యారంటీ లేదు.

అంటే ఆ తెలుగు కూడా మందేనన్నమాట.

తర్వాత పేజీల నిండా తేదీలు. తన మతిమరుపు రాసుకుందేమో అనుకున్నాను. కాదు. అన్నీ నావి.

"చెల్లి క్యాస్ పొయ్యి ఆపలేదు."

"చెల్లి అదే కత మళ్లీ చెప్పింది."

"పక్కింటామె పేరు మర్చిపోయింది. నేను అందియ్యలేదు. తానే చెప్పింది. చాలు."

మూడేళ్లు! పక్కన నవ్వుతూ నడుస్తూ, నాకు తెలియకుండా నాకే పరీక్ష పెట్టి మార్కులు వేసుకుంది.

నా ఒంట్లో ఏముందో తెలుసుకునే హక్కు నాకు లేదా అక్కా? నేనేమైనా చంటిపిల్లనా? నీకు ఉందని చెబితే నీ పక్కన కూర్చునేదాన్ని కదా. ఒక్కదానివే ఎలా మోశావు? ప్రేమతో చేసినా మోసం మోసమే.

"ఏం రాసింది?" అని బావ అడిగాడు. అక్క పిల్లలిద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.

"అక్షరాలు దిద్దుకుందిలే బావా" అన్నాను.

నోట్లోంచి అలా వచ్చేసింది. నువ్వు చేసిన పనే నేనూ చేశానక్కా. తెలుగులో రాస్తున్న ఈ పోస్ట్ కూడా వాళ్లు చదవలేరు.

కానీ కార్యాలు అయిపోనీ, పిల్లల్ని కూర్చోబెట్టి ప్రతి పేజీ నేనే చదివి వినిపిస్తాను. టెస్ట్ చేయించుకోవాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. నీలా దాచను.

నీ మీద చాలా కోపంగా ఉందక్కా. ఈ కోపం గుర్తున్నన్నాళ్లూ నేను బాగున్నట్టే.

ఇక నన్ను కనిపెట్టుకుని ఉండక్కర్లేదు. నిమ్మళంగా పడుకో.