హోటల్లో కూర్చున్నందుకు ఒక కేసు

ఇవాళ పొద్దున వీధి మలుపులో మిరపకాయ బజ్జీలు వేగుతున్న ఘాటుకు తుమ్మి, నాలో నేనే నవ్వుకున్నాను. బళ్ళారిలో నేను జూనియర్ వకీలుగా చేరిన కొత్తలో మా సీనియర్ తిమ్మప్ప గారు బజ్జీలు తింటూనే కేసులు వినేవారు. కళ్ళ వెంట నీళ్ళు కారేవి. "వాళ్ళ కష్టానికే ఏడుస్తాండానని అనుకుంటార్లేప్పా" అనేవారు.

అంటరానితనం నేరమని చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్ళే అయింది. కురుగోడు వైపు నుంచి హనుమక్క అనే దళిత కూలీ మా దగ్గరికి వచ్చింది. టీ బయటే నిలబడి, వేరే గ్లాసులో తాగమంటే వినకుండా హోటలు లోపలి బెంచీ మీద కూర్చుందట. "నీ జాతోళ్ళు ఈడ కూచోకూడదు" అంటూ యజమాని ఎంగిలి నీళ్ళ బకెట్టు ఆమె నెత్తిన కుమ్మరించాడట.

"దౌర్జన్యానికి సెక్షన్లు ముందే ఉన్నాయి కదండీ, వేరే చట్టమెందుకు? అందరూ సమానమే కదా?" అన్నాను.

తిమ్మప్ప గారు హనుమక్కను అడిగారు. "అక్కా, ఆ పొద్దు నుంచి మీ వాడోళ్ళు ఆ హోటలుకు పోతాండారా?"

"యాడ పోతారు సామీ? దాని ముందర ఆగే బస్సు గూడా ఎక్కుతాలేరు. ఊరి బయటికి నడిచిపోతాండారు."

అప్పుడు నా వైపు తిరిగారు. "మనుషులు సమానమేప్పా, దెబ్బలే సమానం కాదు. నీ మీద పోస్తే నువ్వొక్కడివే తడుస్తావు. ఈమె మీద పోస్తే ఈమె వాడంతా తడిసింది. ఈ చట్టం అందుకే."

కేసు వేశాక ఊళ్ళో పొలాలున్న ఆసాములు హనుమక్కను నాట్ల పనికి పిలవడం మానేశారు. అయినా ఆమె వాయిదాకు రాకుండా ఉండలేదు.

"వాళ్ళకు వేరే గ్లాసు పెట్టింది మర్యాదకే సామీ" అన్నాడు యజమాని కోర్టులో.

"మంచిదప్పా. మీ అల్లుడొస్తే గూడా బయట నిలబెట్టి, ఆ గ్లాసులోనే పోస్తావా?" అని అడిగారు తిమ్మప్ప గారు.

"అట్ల చేస్తే ఊరుకుంటాడా? ఎంత అవమానం!" అనేశాడు యజమాని. కోర్టంతా గొల్లున నవ్వింది. తిమ్మప్ప గారు ఇంకేమీ అడగకుండా కూర్చున్నారు.

యజమానికి జరిమానా శిక్ష పడింది. ఆ తర్వాతి సంతరోజున హనుమక్క తన వాడ ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆ హోటలుకు వెళ్ళింది, మమ్మల్నీ పిలిచింది. బెంచీలన్నీ నిండిపోయాయి. యజమాని ముఖం మాడ్చుకునే టీలు తెచ్చాడు. హనుమక్క ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువుండాదప్పా" అంది. అతను చక్కెర తెచ్చి వేశాడు. తిమ్మప్ప గారికి నవ్వు ఆగక టీ పొరబోయింది.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ దెబ్బ తిన్న మనిషి నా ఎదుట కూర్చుంటే, గాయం ఎంత లోతని ముందుగా అడగను. ఆ దెబ్బ తగిలిన రోజు నుంచి ఆ దారిన నడవడం మానేసినవాళ్ళు ఎవరెవరని అడుగుతాను.