నెమలికి తీసుకెళ్లిన పిస్టన్

1974 వేసవిలో నన్ను తిరువూరులోని ట్రాక్టర్ల వర్క్‌షాపుకి ఫోర్‌మన్‌గా వేశారు. నా కింద కొందరు మెకానిక్కులు, పైన ఒక అసిస్టెంట్ ఇంజనీరు. మా పని ట్రాక్టర్లు, ఆయిలు ఇంజిన్లు. మోటారుసైకిళ్లు మా పరిధిలోకి రావు. అయినా గంపలగూడెం నుంచి ప్రకాశరావు మాస్టారు ఒక పాత ఇంగ్లీషు మోటారుసైకిలుని ఎడ్లబండి మీద వేసుకొస్తే, పనివేళలయ్యాక చూడమని ఇంజనీరుగారు నాకు అప్పగించారు.

ఆ బండి మాస్టారి తండ్రిది. ఆయన పాస్టరు. ఊళ్లు తిరగడానికి పనికొస్తుందని, ఒక దొరగారు దేశం వదిలి వెళ్తూ ఇచ్చారట. తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరూ వాడుకున్నారు. తర్వాత ఇంజిన్ బిగుసుకుపోయి, బండి ఏళ్ల తరబడి పశువుల పాకలో పడి ఉంది. మాస్టారు దాన్ని దించుతూనే కారణం కూడా చెప్పారు.

"మా తమ్ముడు డేవిడ్ అండీ. పెళ్లికని తీసుకెళ్లి, ఆయిలు చూసుకోకుండా తోలాడు. నాన్న బండిని చంపేశాడు."

అప్పటి నుంచి తమ్ముడితో మాటల్లేవు. తల్లి సమాధి దగ్గర కూడా చెరో వైపు నిలబడ్డామని ఆయనే అన్నారు.

బిగుసుకున్న ఇంజిన్‌ని కిక్కు కొట్టి కదిలించాలని చూడకూడదు. కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలో కిరసనాయిలు, ఇంజినాయిలు కలిపి పోసి నానబెట్టాను. కొన్నాళ్లు ఆగి, టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపాను. కదల్లేదు. ఇక హెడ్డు విప్పాను. సిలిండర్ గోడ చుట్టూ ఎర్రటి తుప్పు, అందులో సన్నటి ఒండ్రు. చెక్క దిమ్మె పెట్టి మెల్లగా కొట్టగా కొట్టగా పిస్టన్ కిర్రుమని జరిగింది.

ఆయిలు లేక పట్టేసిన పిస్టన్‌కి పక్కల నిలువుగా గీతలు పడతాయి. బయటికి తీసి చూస్తే దీనికి ఒక్క గీత లేదు. ఆ రోజు మాస్టారు కూడా వచ్చి చూస్తున్నారు. మెకానిక్కులందరూ చుట్టూ ఉండగానే ఆయనతో అనేశాను.

"మీ తమ్ముడి తప్పేం లేదండీ మాస్టారూ. లోపలికి వాగునీళ్లు పోయాయి. అలాగే వదిలేస్తే తుప్పు పట్టేసింది."

మంచి కబురే చెబుతున్నాననుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది. వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. అందరూ వెళ్లాక నోరు విప్పారు. తమ్ముడు బండి తెచ్చి అప్పగించాక, వానల్లో ఆయనే వాగు దాటబోయారట. నడి నీళ్లలో బండి ఆగిపోతే తోసుకుంటూ ఇంటికి తెచ్చి పాకలో పెట్టారు. భార్య వద్దన్నా వినకుండా వెళ్లారు కాబట్టి ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"తడిసిందని తెలుసండీ. తడిస్తే ఇలా పట్టేస్తుందని తెలీదు. కిక్కు దిగకపోయేసరికి వాడి పేరే నోటికొచ్చింది. అనగా అనగా అదే నిజమని నేనూ నమ్మేశాను."

మర్నాడు నెమలి అనే ఊళ్లో ఉన్న తమ్ముడి ఇంటికి నన్నూ రమ్మన్నారు. నేను చెబితే తమ్ముడు వింటాడని ఆయన ఆశ. పిస్టన్‌ని పేపర్లో చుట్టుకుని బస్సెక్కాం. విడిపోయిన అన్నదమ్ముల్ని నేనే కలపబోతున్నానని నాకు లోపల కొంచెం గర్వంగానే ఉంది.

డేవిడ్ అప్పుడే మామిడితోట నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, మాకు కుర్చీలు వేసి, మజ్జిగ ఇప్పించాడు. నేను పిస్టన్ చేత్తో పట్టుకుని, గీతలు ఎందుకు పడతాయో, తుప్పు ఎలా పడుతుందో పాఠంలా వివరించాను. మాస్టారు తల వంచుకుని, "తప్పు నాదేరా," అన్నారు.

డేవిడ్ ఆ పిస్టన్‌ని ముట్టుకోలేదు.

"ఆయిలు పోసే తోలానని ఆ రోజే చెప్పాను గదన్నయ్యా. అమ్మ మీద ఒట్టేశాను. నా మాట చాల్లేదు. ఇవాళ ఈ ముక్క చెబితే నమ్మావా?"

నేను పిస్టన్‌ని మళ్లీ పేపర్లో చుట్టేశాను. అంతసేపు వివరించినందుకు నాకే తల ఎత్తబుద్ధి కాలేదు. డేవిడ్ మమ్మల్ని బస్సు దాకా సాగనంపాడు. నాతో మర్యాదగానే మాట్లాడాడు. అన్నతో మాట్లాడలేదు.

సిలిండర్ శుభ్రం చేసి, కొత్త రింగులు వేసి బిగించాక బండి స్టార్టయింది. మాస్టారు దాన్ని తమ్ముడికి పంపిస్తే, డేవిడ్ తిప్పి పంపించాడు. కొంతకాలానికి ఇళ్లకి రాకపోకలు మొదలయ్యాయని విన్నాను. ఆ బండి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎక్కలేదట.

ఇంజిన్ విప్పి కారణం కనిపెట్టడం నా వృత్తి. దాన్ని యజమానికి ఒక్కడికే, విడిగా చెప్పాలి. చేత్తో పట్టుకుని ఇంకొకరి గుమ్మంలోకి సాక్షిగా వెళ్లడం మెకానిక్కు పని కాదు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా నేను అలా వెళ్లలేదు.